నలుగురు పంచుకొన్న గది

హైదరాబాదులో బ్రతుకు చౌక యని చెప్పుకొనుట మనకు చిరకాలముగా అలవాటైన మాట. బొంబాయి, బెంగుళూరులతో పోల్చి చూచినచో అద్దెలు తక్కువ యనియు, కర్రీ పాయింటు ఉన్న సందులో ఎవడును పస్తు పడుకొనడనియు, చేతిలో చదువున్నవాడు నాలుగు నెలలు ఓపిక పట్టినచో ఏదో యొక ఉద్యోగము దొరకకపోదనియు ఊళ్లలోని పెద్దలు పిల్లలకు ధైర్యము చెప్పి బస్సెక్కించుచుందురు. ఆ మాట అసత్యము కాదు. అయితే అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజగుట్ట, బేగంపేట సందులలో ఒక్కొక్క గదిని ముగ్గురు నలుగురు చొప్పున పంచుకొని, తమ నిద్రకును స్నానమునకును ఏకాంతమునకును కావలసిన చోటును తామే కుదించుకొని బ్రతుకుచున్న యువతీయువకులు తమ ఓర్పుతో సమకూర్చుకొన్నదే ఆ చౌకదనమని, పాతికేండ్లకు పైగా కన్నులార చూచి, కొంతకాలము స్వయముగా అనుభవించి, నేను నమ్మియున్నాను. నగరము వారికి ఋణపడియున్నది. ఆ ఋణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ ప్రయత్నము.

అమీర్‌పేట కూడలిలో ఒక సాయంకాలము నిలుచుండి చూడుడు. హుడా మైత్రీవనము మొదలగు కట్టడముల గోడలు కానరాకుండ శిక్షణ సంస్థల బోర్డులు కప్పియుండును. ఒకప్పుడు జావా, ఒరాకిల్ అని యుండిన చోట ఇప్పుడు డేటా సైన్స్, క్లౌడ్ అని యున్నది. సత్యం థియేటరు నిలిచిన చోట 2023లో కొత్త మల్టీప్లెక్సు తెరచిరి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి, రెండు మార్గములు అచ్చటనే కలిసినవి. ఇన్ని మారినను కరెంటు స్తంభములకు అంటించిన చిన్న కాగితములు మాత్రము మారలేదు: టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, క్రింద ఫోను నంబరు. 'షేరింగ్' అను ఆ ఒక్క మాట ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు సైతము అర్థమగును. కొడుకు పెట్టె మోసికొని వచ్చిన తండ్రి గదిలోని మంచములను లెక్కించి, "తతిమ్మా వాళ్ళు మంచోళ్ళేనా బాబూ?" అని వార్డెనును అడుగుట నేను ఎన్నోమారులు విన్నాను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానము చెప్పగలవాడు లేడు.

ఈ పిల్లలు వచ్చు దారి మనకు నీరు వచ్చిన దారియే. హైదరాబాదు మూసీ యొడ్డున పుట్టిన నగరము. ఆ నది 1908 సెప్టెంబరులో ఊరిని ముంచివేసిన తరువాత, దానిని అదుపుచేయుటకై కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు చాలకాలము మనకు దాహము తీర్చినవి. ఆ పిమ్మట మంజీర నీరు వచ్చినది. ఈ శతాబ్దములో కృష్ణయు, 2015లో గోదావరియు గొట్టములలో నడచి వచ్చినవి. ఆ నీటితోపాటే ఆ నదుల యొడ్డుల పిల్లలును వచ్చుచున్నారు.

ఇట్లు వచ్చినవారికి తల దాచుకొన చోటు చూపుట మన సమాజమునకు కొత్త కాదు. వారాలు చేసికొని చదువుకొన్నవారి కథలు మన తాతల తరములో ప్రతి వీధిలోను వినబడుచుండెను. సోమవారము ఒకరింట, మంగళవారము మరియొకరింట భోజనము చేసి ప్లీడర్లైనవారు, ఉపాధ్యాయులైనవారు ఎందరో కలరు. గురజాడ 'కన్యాశుల్కము'లోని పూటకూళ్ళమ్మ నాటికే పట్టణమున ఒంటరి మగవానికి అన్నము పెట్టు వృత్తి స్థిరపడియుండెను. హైదరాబాదులోనే 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి గారు స్థాపించిన రెడ్డి హాస్టలు తెలంగాణ పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు నీడనిచ్చెను. సురవరము ప్రతాపరెడ్డి గారి వంటివారు దాని నిర్వహణ భారమును వహించిరి. ఆ కాలమున హాస్టలు పెట్టుట విద్యాదానములో భాగము, నేడది వ్యాపారము. వ్యాపారమైనందుకు నేను తప్పుపట్టను. వ్యాపారమున కుండవలసిన పద్ధతి దానికి లేదని మాత్రము నా ఫిర్యాదు.

ఆ మాటకు వచ్చుటకు ముందు, గది పంచుకొనుట యన నేమో నాకు తెలిసినంత చెప్పెదను. 1999 వేసవిలో నేను కృష్ణాతీరపు పల్లెనుండి వచ్చి, బేగంపేట బ్రాహ్మణవాడిలో ఒక ఇంటి క్రింది భాగమున, రేకుల వంటగది గల ఒక్క గదిలో నాలుగవవాడినిగా చేరితిని. అద్దె పదునారు వందలు. తలకు నాలుగు వందలు. అంతకుముందే అచ్చట ముగ్గురుండిరి: జగిత్యాలనుండి వచ్చినవాడొకడు, పలాస నుండి వచ్చినవాడొకడు, కదిరివాడొకడు. తెలుగుదేశమంతయు ఆ పదియడుగుల గదిలో సర్దుకొన్నట్లుండెడిది. ఒకడు "ఏందిరా" అనును, ఒకడు "ఏటిరా" అనును, మూడవవాడు "ఏమప్పా" అనును. నెల తిరుగకముందే ఎవడు ఏ మాట అనుచున్నాడో తెలియనంతగా మా యాసలు కలగలసిపోయినవి. సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చినప్పుడు సకినాలు, జీడిపప్పు, గోంగూర పచ్చడి ఒకే అటకపై చేరెడివి. ఉగ్గాని అనునది యొకటి కలదని నాకు తెలిసినది ఆ గదిలోనే.

అన్నము మాత్రము వండుకొనెడివారము. కూరలు కర్రీ పాయింటు నుండి. కూరల పొట్లములు నలుగురికి రెండు చాలునా మూడు కావలెనా యనునది ప్రతి రాత్రి మా మంత్రాలోచన. కుక్కరు కడుగు వంతు విషయమున, పంకా క్రింది చోటు విషయమున, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి లెక్కలు పైకి చదువు పలాసవాని అలవాటు విషయమున మేము చేసిన తగవులు తక్కువ కావు. పదునైదు దినములు ఒకరితో ఒకరు మాటలాడక యుండిన సందర్భమును కలదు. మాటలు లేని ఆ దినములలో సైతము ఎవరి అన్నము వారికి మూతపెట్టి యుండెడిది. దోమల మాట చెప్పనక్కరలేదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ కనుగొన్నాడు. ఆయన పేరిట నిలిచిన భవనము ఆ బేగంపేటలోనే యున్నది. నాలా ప్రక్కనున్న మా గదిలో దోమతెర నలుగురికి ఒకటే.

గోడకు కొట్టిన మేకుకు పురికొసతో ఒక లాంగ్ నోటుబుక్కు వ్రేలాడుచుండెను. దానిలో నలుగురికి నాలుగు గళ్ళు. బియ్యము, గ్యాసు, పాలు, పేపరు, సబ్బు — ఎవడు ఏది కొన్నను వాని గడిలో పావలాతో సహా వ్రాయవలెను. నెలాఖరు రాత్రి పలాసవాడు లెక్క తేల్చి, ఎవరు ఎవరికి ఎంత యివ్వవలెనో చదివి వినిపించును. 2000 సంవత్సరపు వేసవిలో జగిత్యాల మిత్రుడు పనిచేయు చిన్న సంస్థ మూతపడినది. అతడు మాకు చెప్పలేదు. ఉదయము ఎప్పటివలె చొక్కా ఇస్త్రీ చేసికొని బయలుదేరి, సాయంకాలమువరకు మైత్రీవనము మెట్లపై కూర్చుండి తిరిగి వచ్చెడివాడు. మూడు నెలలు గడచినను లెక్కలో అతని వంతు లోటు పడలేదు. ఒకనాడు ఊరక పుటలు తిరుగవేయుచుండగా నాకు కనబడినదేమనగా, ఆ మూడు నెలలు అతని గడిలోని అంకెలు ఆకుపచ్చ సిరాతో వ్రాయబడియుండెను. మా నలుగురిలో ఆకుపచ్చ సిరా కలము గలవాడు కదిరివాడొక్కడే.

ఆ సంవత్సరమే ఆగస్టు 24వ తేదీన బేగంపేటలో ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినది. కూకట్‌పల్లి వైపునుండి హుస్సేన్‌సాగరమునకు పోవు నాలా గట్టు తప్పి, బ్రాహ్మణవాడి, ప్రకాశ్‌నగర్ ఇండ్లలోనికి వచ్చినది. "అన్నా, లే! నీళ్ళొచ్చినయ్!" అని జగిత్యాలవాడు నన్ను కుదిపి లేపునప్పటికి పరుపు తేలుచుండెను. బట్టలు, పుస్తకములు, కుక్కరు దేనిని చూడక నలుగురము చేయి చాచినది సర్టిఫికెట్ల ఫైళ్ళకు. ఉద్యోగము వెదకువాని ఆస్తి యంతయు ఆ ప్లాస్టిక్ ఫైలులోనే యుండును గదా! ఎవని ఫైలు ఎవడు పట్టుకొన్నాడో తెలియదు. నాలుగింటిని ఒక లుంగీలో మూటకట్టి, పొడుగరియైన పలాసవాని తలపై పెట్టి, నడుముల లోతు నీటిలో మెట్లవరకు నడచితిమి. పైయంతస్తున ఇంటి యజమానురాలు తలుపు తీసికొని నిలుచుండి, "ముందు పైకి రండి బాబూ, సామాన్లు తర్వాత" అని పిలిచినది. రెండు దినములు ఆమె వంటయే మా భోజనము. నీరు తీసిన పిమ్మట నోటుబుక్కును ఎండలో పెట్టితిమి. బాల్‌పెన్నుతో వ్రాసిన లెక్కలన్నియు నిలిచినవి. ఆకుపచ్చ అంకెలు కరగిపోయినవి.

రూమ్మేటు అను మాటకు తెలుగులో సరియైన పేరు లేకపోవుటకు కారణము ఇదియే యేమో; మన వరుసలన్నియు రక్తముతోనో పెండ్లితోనో ఏర్పడినవి, ఇది అద్దెతో ఏర్పడిన వరుస. కాని ఇరువది యొకటవ యేట ఇల్లు వదలిన పిల్లకు జ్వరము వచ్చిన రాత్రి గ్లాసెడు నీళ్ళిచ్చునది ఈ వరుసవారే. ఇంటర్వ్యూకు చొక్కా యిచ్చువాడు, ఊరినుండి వచ్చిన తల్లికి తన మంచమిచ్చి నేలపై పడుకొనువాడు, ఉద్యోగము రానివానిని ఊరికి పోనీయక నిలుపువాడు ఇతడే. అందరు రూమ్మేట్లును ఇట్లే యుందురని నేను చెప్పను. అప్పు తీసికొని మాయమైనవారును, తోడివాని ఫోను దొంగిలించినవారును కలరు. అయినను, వేలకొలది గదులలో ప్రతి రాత్రి అపరిచితులు అపరిచితులను నమ్మి కన్నుమూసి నిద్రపోవుచున్నారనునది తేలికగా తీసివేయదగిన విషయము కాదు.

ఇక నగరము వీరిని ఏ విధముగా చూచినదో చెప్పెదను. 2020 మార్చి 25వ తేదీ, బుధవారము, ఉగాది. అంతకుముందు అర్ధరాత్రి నుండి దేశమంతట లాక్‌డౌను. ఆ ఉదయము అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజగుట్ట ప్రాంతములలోని హాస్టళ్ళు పెక్కింటిలో మెస్సు ఆపివేసి, గదులు ఖాళీ చేసి వెళ్ళుడని చెప్పిరి. బస్సులు లేవు, రైళ్ళు లేవు, టిఫిన్ సెంటరు తెరచిలేదు. పిల్లలు బ్యాగులు భుజాన వేసికొని పోలీసు స్టేషనుల యెదుట బారులు తీరిరి. ఊరు వెళ్ళుటకు అనుమతి పత్రమిప్పించుడని ప్రార్థించిరి. పత్రములు దొరికినవారు మోటారు సైకిళ్ళపై, కార్లలో కిక్కిరిసి బయలుదేరి, ఆంధ్ర సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు చేరుసరికి అచ్చట నిలిపివేసిరి. వెనుకకు పోవుటకు హాస్టలు లేదు, ముందుకు పోవుటకు దారి లేదు. పండుగపూట రాత్రివరకు ఆడపిల్లలు సైతము రోడ్డుపై కూర్చుండిరి. ఆలోగా తెలంగాణ ప్రభుత్వము హాస్టళ్ళను ఖాళీ చేయింపరాదని ఆజ్ఞాపించి, పత్రములు ఇచ్చుట ఆపినది. ఆజ్ఞ మంచిదే, ఒక దినము ముందు వచ్చియుండవలసినది.

ఆనాడు మా వీధిలో ఒక అమ్మాయి హాస్టలు గేటు యెదుట సూట్‌కేసుపై కూర్చుండి యుండెను. మా యింటినుండి ఉగాదిపచ్చడి, పులిహోర పట్టుకొని పోయి యిచ్చితిమి. "ఎన్నాళ్ళయిందమ్మా ఇక్కడ?" అని అడిగితిని. "మూడేళ్ళండీ," అనెను. మూడేండ్లు అద్దె కట్టి, ఈ ఊరి కంపెనీలో పనిచేసి, ఈ ఊరి అంగళ్ళలో జీతము ఖర్చుపెట్టిన పిల్లకు ఆపద వచ్చిన దినమున 'మీ యింటికి పొమ్ము' అను మాట ఎదురైనది. ఆ మూడేండ్లు ఆమె యున్న చోటు ఇల్లు కాదా? రేషను కార్డు ఊళ్ళో, ఓటు ఊళ్ళో; ఇచ్చట ఆమె ఉనికికి సాక్ష్యము హాస్టలు రిజిస్టరులోని ఒక్క పంక్తి. ఈ ప్రాంతపు హాస్టళ్ళలో ఎందరు నివసించుచున్నారో వార్డువారీగా అధికారుల చేతిలో లెక్క యుండినచో, వారికి అన్నము చేర్చుట ఆ ఉదయమే మొదలై యుండెడిది.

ఈ గదుల బ్రతుకు ఈ ఊరితో ఆగలేదు. బేగంపేటలోని పైగా ప్యాలెస్ 2008 నుండి 2023 మార్చి వరకు అమెరికా కాన్సులేటుగా నుండెను. వీసా ఇంటర్వ్యూకు ఊళ్ళనుండి వచ్చిన పిల్లలు ముందు రాత్రి అమీర్‌పేటలో స్నేహితుల గదులలో నేలపై పడుకొని, తెల్లవారి ఆ గేటు యెదుట నిలుచుండెడివారు. అట్లు వెళ్ళినవారిలో ఎందరో న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కోల అద్దెలు మోయలేక అమెరికా నడుమనున్న నదీతీర నగరములకు చేరిరి: మిస్సోరి నది యొడ్డున కాన్సాస్ సిటీ, మిసిసిపి యొడ్డున సెయింట్ లూయిస్, ఒహాయో యొడ్డున సిన్సినాటి. అక్కడను ఇదే బ్రతుకు. రెండు పడకగదుల అపార్టుమెంటులో నలుగురు, హాలులో పరుపు, ఒకే రైస్ కుక్కరు, వంట వంతులు. నోటుబుక్కు పోయి ఫోనులో లెక్క వచ్చినది, అంతే. అయితే ఒక భేదమున్నది. సెయింట్ లూయిస్ నగరమున్న మిస్సోరి రాష్ట్రపు చట్టము ప్రకారము ఇంటి యజమాని రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదు. ఖాళీ చేసిన 30 దినములలోగా దానిని తిరిగి ఇయ్యవలెను, లేదా దేనికెంత తగ్గించినాడో పద్దు వ్రాసి చూపవలెను. అమీర్‌పేటలో త్రీ షేరింగ్ మంచము ఖాళీ చేసిన పిల్లకు లేని ఈ రక్షణ, అదే పిల్ల సముద్రము దాటి వెళ్ళినచో లభించుచున్నది.

మా మేనకోడలి సంగతి చెప్పుదును. ఈ ప్రాంతములోనే ఒక మహిళా హాస్టలులో రెండేండ్లుండి, గచ్చిబౌలి వైపు ఉద్యోగము మారగా ఖాళీ చేసినది. నెల ముందు చెప్పవలెనట. ఈమె ఇరువదియెనిమిది దినముల ముందు చెప్పినది. రెండు దినములు తక్కువైనవని అడ్వాన్సు మొత్తమును మిగుల్చుకొనిరి. ఆ నియమము ఎచ్చట వ్రాసియున్నదని అడుగగా, "అందరికీ ఇదే రూల్ సార్" అనిరి. చేరునాడు కాగితమేదియు ఇయ్యలేదు. గోడపై అంటించిన నియమములలో రాత్రి పది గంటలకు గేటు మూయుట కలదు గాని అడ్వాన్సు మాట లేదు. ఆమె పోగొట్టుకొన్నది పెద్ద మొత్తము కాదు. కాని ప్రతి నెల మంచములు మారువారెందరో ఆలోచించినచో ఈ చిన్న మొత్తములు కూడి ఎంతగునో ఊహింపవచ్చును.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాస గృహములకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితము చేసినది. దానిని అమలు చేయుట రాష్ట్రముల ఇచ్ఛకు విడువబడినది. పైగా లాడ్జీలు, ధర్మశాలలు దాని పరిధిలోనికి రావు. హాస్టలు ఇల్లా, లాడ్జియా? పన్నుల విషయమున మాత్రము ఈ ప్రశ్నకు జవాబు దొరికినది. 2024 జూన్‌లో జి.ఎస్.టి. మండలి, తలకు నెలకు 20,000 రూపాయలకు మించక, 90 దినములకు తగ్గక నివసించువారి హాస్టలు రుసుమునకు పన్ను మినహాయించినది. తొంబది దినములు నిలిచినవాడు బాటసారి కాడు, నివాసి యని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు గదా! ఆ కొలతనే అడ్వాన్సునకు, రసీదునకు, ఖాళీ చేయించు గడువునకు వర్తింపజేయుట కష్టమైన పని కాదు. తొంబది దినములు దాటిన ప్రతి మంచమునకు నియమములు వ్రాసిన రసీదు ఇయ్యవలెను. అడ్వాన్సు ముప్పది దినములలో తిరిగి రావలెను. చీకటిలో సామాను బయట పెట్టు అధికారము ఎవనికిని ఉండరాదు.

మెట్ల మాటయు మరువరాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదు రూబీ హోటలు క్రింది భాగమున విద్యుత్ స్కూటర్లకు నిప్పంటుకొని, పొగ మెట్లదారినే పైకి పోగా, పై గదులలోని వారు ఎనిమిది మంది మరణించిరి. మన సందులలో నాలుగంతస్తుల హాస్టళ్ళకు ఒకే మెట్లదారి, ఆ మెట్ల మొదటనే బండ్లు, గ్యాసు సిలిండర్లు, వంటగది. ఆ దృశ్యమును నేను ప్రతి దినము చూచుచున్నాను. ఫోర్ షేరింగ్ గదులు అంతస్తుకు ఎన్ని యున్నను, మంటలలో దిగుటకు దారులు రెండైనను ఉండవలెను. ఇందులో బేరమునకు తావులేదు.

చివరకు ఇంటి యజమానులతో ఒక మాట. బేగంపేట నుండి పంజగుట్ట వరకు టు-లెట్ పలకలు చదువుచు నడచినచో, 'ఫ్యామిలీలకు మాత్రమే' అను పంక్తి ఎన్ని గేట్లపై కనబడునో లెక్కించుట కష్టము. అది లేనిచోట ఫోనులో మొదటి ప్రశ్న కులము, రెండవది తినునదేమి అనునది. ఆ గేట్లన్నియు మూసికొనుట చేతనే ఈ పిల్లలు గాలి రాని గదులలో నాలుగవ మంచమునకు చేరుచున్నారు. 1999లో బ్రాహ్మణవాడిలోని ఆ ఇంటి యజమానురాలు మమ్ము కులమడుగలేదు, పెండ్లియైనదా యని అడుగలేదు. "నెల మొదటి వారంలో అద్దె ఇవ్వగలరా బాబూ?" అని మాత్రమే అడిగినది. ఇల్లు అద్దెకిచ్చు ప్రతివారును ఆ ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొనవలసినదని చేతులు జోడించి అడుగుచున్నాను.